బాణసంచా రంగులు – బేరియము లేని ఆకుపచ్చ

(దీపావళికి ముందు పట్టణ గ్రంథాలయ పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



దీపావళికి ముందు ఈ పఠనమందిరమున ఒక ఉపన్యాసము జరుగుట పరిపాటి. నరకాసుర వధను గూర్చియో, దీపముల అంతరార్థమును గూర్చియో పెద్దలు మాటలాడుచుందురు. ఈ యేడు కార్యదర్శిగారు నన్ను బాణసంచాను గూర్చి మాటలాడుమనిరి. నేను రసాయన శాస్త్రజ్ఞుడను గాను. కళాశాలలో చదివిన కొంత రసాయనమును, వృత్తిరీత్యా చదివిన కొన్ని తీర్పులును నా మూలధనము. అయినను ఈ విషయమున న్యాయస్థానపు ఆజ్ఞ అర్థము కావలెనన్న రసాయనము తెలియవలెను. రసాయనము ప్రజలకు అక్కరకు రావలెనన్న ఆ ఆజ్ఞ తెలియవలెను. రెంటిని కలిపి చెప్పువారు తక్కువగుటచే నేనీ పనికి పూనుకొంటిని.

నా మనవి యొక్కటే. విషమును నిషేధించుట సగము పని. దాని స్థానమున నిలువగల నిరపాయమైన వస్తువును కనిపెట్టి, అది చిన్న కార్ఖానా గుమ్మము వరకు చేరునట్లు చేయుట తక్కిన సగము. మన దేశమున మొదటి సగము 2018లోనే జరిగినది. రెండవ సగము పూర్తి కాలేదు. ఆ కొరతను ఒకవైపున పసిపిల్లల ఊపిరితిత్తులును, మరియొకవైపున కూలివాని కడుపును భరించుచున్నవి.

ముందుగా, మతాబులోను తారాజువ్వలోను ఏమున్నదో చూతము. బాణసంచా మందులో ముఖ్యముగా మూడు విధముల వస్తువులుండును. మండునవి మొదటివి: బొగ్గు, గంధకము, అల్యూమినియపు పొడి మొదలగునవి. వానికి ప్రాణవాయువు నందిచ్చి మండించునవి రెండవవి: సూరేకారము ఈ జాతిలోనిది. రంగు నిచ్చునవి మూడవవి. ఇవి లోహముల లవణములు. పొయ్యిమీది పప్పు పొంగి ఉప్పునీరు మంటపై బడినప్పుడు మంట పసుపుపచ్చగా మారుట మన గృహిణులందరు చూచినదే. ఉప్పులోని సోడియము చేసిన పని యది. అట్లే స్ట్రాన్షియము ఎరుపును, బేరియము ఆకుపచ్చను, రాగి నీలమును, కాల్షియము నారింజ వన్నెను ఇచ్చును. వేడికి లోహపు అణువులు ఉద్రేకము పొంది, మరల శాంతించునప్పుడు తమతమ వన్నె వెలుగును విడిచిపెట్టును. బేరియము, స్ట్రాన్షియము, రాగి యనువాని రంగు నిండుగా రావలెనన్న, మంటలో వానికి క్లోరిన్ తోడు కావలెను. అందుచేత క్లోరిన్ గల పదార్థమును గూడ మందులో కలుపుట వాడుక. ఈ క్లోరినే తరువాత మరియొక చిక్కును తెచ్చిపెట్టును.

ఇన్ని రంగులు మన తాతముత్తాతల నాటివని పలువురి నమ్మకము. అది సరికాదు. పూర్వపు బాణసంచాలో ప్రధానముగా కనబడునది నిప్పురవ్వల బంగారు వన్నెయు, తెలుపును మాత్రమే. బొగ్గు, సూరేకారము, గంధకము, ఇనుపరజను కలిపి చేసిన చిచ్చుబుడ్డి వెలుగు అట్టిది. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహర్నవమి యుత్సవములను వర్ణించుచు అక్కడి బాణసంచాను గూడ పేర్కొనినాడు. అతడు చూచిన నిప్పులు నేటి పచ్చ, ఎర్ర, నీలి తారలు కావు. పదునెనిమిదవ శతాబ్దపు చివర ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త బెర్తొలే పొటాషియము క్లోరేటును తయారుచేసిన తరువాతనే మిక్కిలి వేడిమి గల మంటలును, వానిలో నిండు రంగులును సాధ్యమైనవి. అనగా మనము సనాతనమని వాదించు ఈ రంగుల వైభవము రెండువందల యేండ్లకు కొంచెము మించిన విద్య.

అయితే పూర్వకాలమంతయు పవిత్రమని చెప్పుట కూడ నా అభిప్రాయము కాదు. ఉత్కళ ప్రభువు ప్రతాపరుద్ర గజపతి పేర వెలసిన 'కౌతుక చింతామణి' యను సంస్కృత గ్రంథమున బాణసంచా యోగములు కొన్ని గలవు. అందు గంధకము, ఇనుపపొడులతోపాటు హరిదళమును, ఇంగిలీకమును గూడ చెప్పబడినవి. హరిదళములో నున్నది పాషాణము. ఇంగిలీకములో నున్నది పాదరసము. పాశ్చాత్యులును ఇందుకు తీసిపోలేదు. నీలి మంటకై రాగితో పాషాణము చేరిన 'పారిస్ గ్రీన్' అను పచ్చని పొడిని వాడిరి. రంగు నిండుటకు పాదరసపు లవణమైన కాలొమెల్‌ను వాడిరి. తరువాత హెక్సాక్లోరోబెంజీను అను పదార్థమును వాడిరి. అది మట్టిలోను, నీటిలోను, జంతువుల క్రొవ్వులోను చిరకాలము నశింపక నిలుచునదని తేలగా, 2001 నాటి స్టాక్‌హోము ఒడంబడికలో ప్రపంచ దేశములు దానిని తొలగింపవలసిన పదార్థముల పట్టికలో చేర్చినవి.

ఈ చరిత్రలో మనకొక గుణపాఠము గలదు. ఒక విషమును తీసివేసినప్పుడెల్ల దాని స్థానమున చేతికందిన మరియొక దానిని చేర్చిరి. అది విషమో కాదో పరీక్షించుటకు ముందే అంగడికి పంపిరి. పెనము మీదినుండి పొయ్యిలో పడుట యనగా నిదియే. కావున క్రొత్తగా నే వస్తువును ప్రతిపాదించినను మనము రెండు ప్రశ్నలడుగవలెను. మండకముందు దీనిని చేతితో కలుపు కూలివానికి ఏమగును? మండిన తరువాత దీని పొగను పీల్చు బిడ్డకు ఏమగును? ఆ రెండు ప్రశ్నలకు జవాబు లేని రంగు ఎంత యందమైనదైనను మనకు వలదు.

ఇక బేరియము సంగతి. నీటిలో కరగు బేరియము లవణములు విషములు. ఇవి శరీరములోని కణములనుండి పొటాషియము వెలుపలికి వచ్చు మార్గములను మూసివేయును. దానిచే రక్తములో పొటాషియము పడిపోవును. కండరములు నీరసించును, గుండె లయ తప్పును, మోతాదు మించినచో పక్షవాతము వలె కాలుసేతులు చచ్చుబడును. బేరియము కార్బొనేటును ఎలుకల మందుగా వాడిన కాలము గలదు. కడుపు ఎక్స్‌రే తీయునప్పుడు వైద్యులు బేరియము త్రాగింతురు గదా యని ఎవరైన నడుగవచ్చును. అది బేరియము సల్ఫేటు. నీటిలో కరగదు గనుక వచ్చిన దారినే పోవును. బాణసంచాలో వాడు బేరియము నైట్రేటు కరగునది. పేరొక్కటే యైనను గుణము వేరు.

మరి దీనిని తయారీదారులు ఎందుకు విడువలేకున్నారు? దుర్మార్గముచేత మాత్రమే యని నేననను. బేరియము నైట్రేటు ఒక్కటే రెండు పనులు చేయును. ఆకుపచ్చ రంగు నిచ్చును. ప్రాణవాయువును గూడ నిచ్చును. పైగా గాలిలోని తేమను అంతగా పీల్చదు. కావున మందు చెమర్చక చాలకాలము నిలువయుండును. ఇది కేవలము పచ్చరంగు కొరకే వాడబడుచున్నదనుకొనుట పొరపాటు. పిల్లల చేతికి మొట్టమొదట మనమిచ్చు కాకరపువ్వొత్తిలో పచ్చరంగు ఎక్కడ నున్నది? తెల్లని రవ్వలే గదా! అయినను వాడుకలోని కాకరపువ్వొత్తి మందులో ప్రాణవాయువు నిచ్చు వస్తువుగా బేరియము నైట్రేటే ప్రధానము. అన్నింటికంటె నిరపాయమని నమ్మి, నాలుగేండ్ల బిడ్డ చేతికిచ్చి, ముఖమునకు మూరెడు దూరమున వెలిగించు వస్తువులో ఈ లవణముండుట తల్లిదండ్రులలో నూటికి ఒకరైన నెరుగుదురా?

చప్పుడు చేయనివి మంచివను నమ్మకమును గూడ కొంచెము పరీక్షింతము. 2016లో పూనా నగరమందలి ఛాతీ పరిశోధన సంస్థవారును, అచటి విశ్వవిద్యాలయపు విద్యార్థులును కలిసి, బాణసంచా కాల్చువారు సామాన్యముగా నిలుచునంత దూరములో పొగను కొలిచి చూచిరి. ఊపిరితిత్తుల లోతుకు పోగల సూక్ష్మధూళి గరిష్ఠముగా ఘనపు మీటరు గాలికి ఎంత యున్నదో లెక్కించిరి. చప్పుడు చేయని పాముబిళ్ళ నుండి 64,500 మైక్రోగ్రాములు. టపాకాయల సరము నుండి 38,540. కాకరపువ్వొత్తి నుండి 10,390. భూచక్రము నుండి 9,490. చిచ్చుబుడ్డి నుండి 4,860. ఇరువదినాలుగు గంటల సగటుగా మన దేశమున అనుమతించిన ప్రమాణము 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15. ఒక్క నిమిషపు గరిష్ఠమును ఒక దినపు సగటుతో పోల్చరాదు. ఆ సంగతి నేనెరుగుదును. అయినను బిడ్డ ముఖము ముందు నిలిచిన పొగ యెట్టిదో ఈ అంకెలు చెప్పకయే చెప్పుచున్నవి.

ఇప్పుడు న్యాయస్థానమునకు వత్తము. 2015లో ఢిల్లీ నగరమందలి ముగ్గురు పసిబిడ్డల పేర వారి తండ్రులు సర్వోన్నత న్యాయస్థానమున ఒక అర్జీ దాఖలు చేసిరి. ఏడాది వయస్సు చుట్టుపట్ల నున్న శిశువులు తమకు స్వచ్ఛమైన గాలి కావలెనని దేశపు అత్యున్నత న్యాయపీఠమును వేడుకొనిరన్నమాట. ఆ వ్యాజ్యములోనే 2017 జూలై 31వ తేదీన న్యాయస్థానము యాంటిమొనీ, లిథియము, పాదరసము, పాషాణము, సీసము అను అయిదింటిని బాణసంచాలో ఏ రూపమునను వాడరాదని ఆజ్ఞాపించినది. 2018 అక్టోబరు 23వ తేదీన న్యాయమూర్తులు ఎ. కె. సిక్రీ, అశోక్ భూషణ్ గారలు మరియొక ముఖ్యమైన తీర్పు చెప్పిరి. వ్యాపార స్వాతంత్ర్యమును, మతాచార స్వాతంత్ర్యమును, జీవించు హక్కును త్రాసులో నుంచి చూచి, సంపూర్ణ నిషేధమును విధింపక, కాలుష్యము తక్కువ గల బాణసంచాను మాత్రము అనుమతించిరి. టపాకాయల సరములను నిషేధించిరి. దీపావళి నాడు రాత్రి 8 గంటలు మొదలు 10 గంటల వరకు కాలపరిమితి విధించిరి. బేరియము లవణములను పూర్తిగా నిషేధించిరి.

ఆజ్ఞ వెలువడినది. ఆచరణ యేమైనది? 2021లో అదే న్యాయస్థానము ముందుకు కేంద్ర నేరపరిశోధన విభాగమువారి నివేదిక వచ్చినది. తయారీదారులు కొందరు బేరియమును పెద్దమొత్తమున కొనుచునే యున్నారనియు, పరీక్షించిన సరకులో అది కనబడినదనియు, పెట్టెపై నున్న పేరునకు లోపలి మందునకు పొందిక లేదనియు ఆ నివేదిక సారాంశము. ఆ యేడు అక్టోబరు 29వ తేదీన న్యాయస్థానము నిషేధమును మరల ఘాటుగా ఉద్ఘాటించి, అమలుచేయని అధికారులు స్వయముగా బాధ్యులగుదురని హెచ్చరించినది. క్రొత్త పద్ధతి బాణసంచాలోనైన బేరియమును అనుమతింపుడని తయారీదారులు వేడుకొనగా, 2023 సెప్టెంబరు 22వ తేదీన ఆ ప్రార్థనను త్రోసిపుచ్చినది. ఒకే నిషేధమును ఐదేండ్లలో మూడుమారులు చెప్పవలసి వచ్చినదన్న, ఆజ్ఞకు వాడుకకు నడుమ ఎంత యగాధమున్నదో మీరే యూహింపుడు.

ఈ యగాధమునకు కారణము కేవలము లోభమని చెప్పి కూర్చుండుట న్యాయము కాదు. దేశమున తయారగు బాణసంచాలో అత్యధికభాగము అరవదేశమందలి శివకాశి ప్రాంతమునుండి వచ్చును. వానలు తక్కువయై వ్యవసాయము సాగని ఆ మెట్టనేల నుండి 1920 దశాబ్దపు మొదట అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇద్దరు యువకులు కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని వచ్చిరి. ఆ నిప్పురవ్వయే పెరిగి లక్షలాది జనులకు కూడుపెట్టు పరిశ్రమయైనది. 2018 తీర్పు తరువాత, బేరియము లేకుండ ఈ పని సాగదని చెప్పి, అచ్చటి కర్మాగారములను నెలల తరబడి మూసివేసిరి. మూతపడిన నెలలలో తీర్పు వ్రాసిన వారికి గాని, దానిని మెచ్చుకొన్న మనకు గాని పస్తు లేదు. గొట్టములలో మందు కూరు ఆడుబిడ్డలకే పస్తు.

మన యాంధ్రదేశమున ఈ పని లేదనుకొనవలదు. 2025 ఏప్రిల్ 13వ తేదీన అనకాపల్లి జిల్లా కైలాసపట్నమున ఒక బాణసంచా తయారీ కేంద్రమున జరిగిన ప్రేలుడులో ఎనిమిదిమంది కూలీలు ప్రాణములు కోల్పోయిరి. రంగు వెలుగునకు ముందే మందు కలుపు చేతులున్నవని మనము మరవరాదు. మందు మార్చుట యనగా పొగను మార్చుట మాత్రమే కాదు. దాని రాపిడి గుణమును, నిప్పంటుకొను గుణమును, చెమర్చు గుణమును గూడ మార్చుట. బేరియము నైట్రేటు తీసివేసి, తేమ పీల్చు మరియొక లవణము వేసినచో మందు చెడును. చెడిన మందును మరల ఆరబెట్టి నూరబోయిన చోట ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. కావున ప్రత్యామ్నాయమును కనుగొనుట కూలివాడు చాటుగా చేయవలసిన ప్రయోగము కాదు. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేయవలసిన పని.

ఆ పని కొంత జరిగినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ, అనగా 'నీరి', కారైకుడిలోని విద్యుద్రసాయన పరిశోధన సంస్థ మొదలగు సోదర సంస్థల సహాయముతో, 2018, 2019 సంవత్సరములలో 'హరిత బాణసంచా' అను నూతన యోగములను రూపొందించినది. స్వాస్, స్టార్, సఫల్ అని వానికి పేర్లు. ఒకదానిలో మండునప్పుడు నీటియావిరి వెలువడి ధూళిని అణచును. మరియొకదానిలో సూరేకారము, గంధకము తొలగింపబడినవి. వేరొకదానిలో అల్యూమినియము తగ్గింపబడినది. శివకాశిలో ముడిసరకులను పరీక్షించు ప్రయోగశాలను గూడ నెలకొల్పిరి. ఇది మెచ్చదగిన కృషి. కాని 'హరిత' మను మాటకు అర్థము తెలిసికొని మెచ్చవలెను. పాతవానితో పోల్చినచో ధూళి నూటికి ముప్పది పాళ్ళు తగ్గవలెనని దాని ప్రమాణము. నూటిలో ముప్పది పోయిన డెబ్బది మిగులును. హరితమనగా విషము లేనిదని కాదు. తక్కువ విషమని మాత్రమే. ఈ భేదమును చెప్పకుండ పచ్చని ముద్ర వేసి అమ్ముట కొనువానిని సగము మోసగించుటయే.

ఇక అసలు ప్రశ్న: బేరియము లేకుండ ఆకుపచ్చ సాధ్యమా? సాధ్యమే. 2011లో అమెరికా దేశమందు న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధశాలకు చెందిన సబాటిని మొదలగు పరిశోధకులు బోరాను కార్బైడును వాడి ఆకుపచ్చ మంటను సాధించి ప్రకటించిరి. బోరాను మనకు పరాయిది కాదు. పిల్లలు క్యారమ్ బల్లపై చల్లు బోరిక్ పొడి ఆ జాతిదే. బోరాను ప్రాణవాయువుతో కలిసి మండునప్పుడు పచ్చని వెలుగు వచ్చునని రసాయన విద్యార్థులు చిరకాలముగా నెరుగుదురు. కాని బోరాను పొడి ఖరీదైనది. బోరాను కార్బైడు రాళ్ళను అరగదీయుటకు వాడు గట్టి పదార్థము, దానికంటె చౌక. సైనికులు చేతినుండి ఎగురవేయు సంకేతదీపములో బేరియము స్థానమున దీనిని ప్రవేశపెట్టుట వారి యుద్దేశము. వారు ఈ పనికి పూనుకొనుటకు కారణమేమి? సైనిక శిక్షణ భూములలో బాణసంచా లవణములు మట్టిలోనికి, భూగర్భజలములోనికి దిగిపోవుచున్నవను భయమే. ముఖ్యముగా పెర్‌క్లోరేటు అనునది గొంతునందలి థైరాయిడు గ్రంథికి అయొడిను అందకుండ చేయును. సైన్యమునకే తన నేలమీద ఇంత భయమున్నప్పుడు, ఇరుకు సందులలో నివసించు మనకు ఎంత యుండవలెను!

జర్మనీ దేశమందలి మ్యూనిచ్ విశ్వవిద్యాలయమున క్లాపోట్కె యను ఆచార్యుని బృందము మరియొక మార్గమున నడిచినది. నత్రజని అధికముగా గల పదార్థములను ఇంధనముగా వాడినచో, మండినపుడు ప్రధానముగా నత్రజని వాయువే వెలువడును, పొగ తగ్గును. పొగ తగ్గినచోట కొద్దిపాటి లోహముతోనే రంగు నిండుగా కనబడును. అమెరికాలోని లాస్ అలామోస్ పరిశోధనశాలవారును ఈ దారి తొక్కిరి. 2014లో క్లాపోట్కె, రూసాన్, సబాటిని గారలు క్లోరిన్ లేకయే, రాగి అయొడైడుతో నీలి మంటను చూపిరి. నీలము రంగులన్నింటిలో కష్టమైనది. వేడి కొంచెము మించినచో ఆ వన్నెనిచ్చు అణువు విచ్ఛిన్నమగును. క్లోరిన్ లేకుండ దానిని సాధించుట వలన లాభమేమన, క్లోరిన్ మండినచోట డయాక్సిన్ల వంటి చిరకాలపు విషములు పుట్టు ప్రమాదము తొలగును.

ఎరుపు సంగతి మరింత విచిత్రము. స్ట్రాన్షియము బేరియమంత చెడ్డది కాదని చిరకాలము తలచిరి. కాని పెరుగు పిల్లల యెముకలలో కాల్షియమునకు బదులుగా చేరు గుణము దానికి గలదు. ఆ కారణముచే 2014లో అమెరికా పర్యావరణ శాఖ త్రాగునీటిలో దానిని నియంత్రింపవలెనని ప్రాథమికముగా నిర్ణయించి, 2016లో తుది నిర్ణయమును వాయిదా వేసినది. ఈ చర్చను మనసున నుంచుకొని 2017లో మ్యూనిచ్ బృందమువారు, సబాటినియు కలిసి, స్ట్రాన్షియముగాని క్లోరిన్‌గాని లేని ఎర్రని మంటను లిథియముతో సాధించిరి. అదే 2017లో మన సర్వోన్నత న్యాయస్థానము నిషేధించిన అయిదు వస్తువులలో లిథియము ఒకటి! ఒకచోట శాస్త్రము రక్షకుడని తెచ్చిన వస్తువును మరియొకచోట చట్టము నేరస్థుల పట్టికలో చేర్చినది. ఎవరిది సరి యని తొందరపడి తీర్పు చెప్పను. ఇరువురును ఒకే త్రాసుతో తూచలేదని మాత్రము చెప్పుదును. లోహము పేరు చూచి నిషేధించుట సులభము; ఏ లవణము, ఎంత మోతాదు, మండిన పిదప ఏ రూపమున మిగులునో కొలిచి నిషేధించుటయో అనుమతించుటయో కష్టము. ఆ కష్టమైన పని మనమింకను చేయవలసియున్నది.

ఈ క్రొత్త యోగములు మన అంగళ్ళకు ఎందుకు రాలేదని మీరడుగవచ్చును. ఒక కారణము ధర. సైన్యము ఒక సంకేతదీపమునకు పెట్టగల ఖర్చు దీపావళి మతాబునకు పెట్టజాలము. మరియొక కారణము వన్నె. బోరాను ఇచ్చు పచ్చదనము బేరియపు పచ్చదనమంత గాఢము కాదు, కొంచెము పాలిపోయియుండును. మూడవ కారణము మనమే. కొనువాడు గాఢమైన రంగును, పెద్ద చప్పుడును, తక్కువ ధరను కోరుచున్నంతకాలము, అమ్మువాడు మరియొకటి తేడు. కొంచెము పాలిపోయిన పచ్చదనముతో తృప్తిపడగలమా, లేదా? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞునికి గాదు, మనకు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మొదటిది: సంవత్సరమంతయు వాహనములు, కర్మాగారములు, పంట దుబ్బులు పొగ చిమ్ముచుండగా ఒక్క రాత్రి సంతోషమును ఎందుకు తప్పుపట్టవలెను? న్యాయస్థానమున ఇట్టి వాదము నిలువదు. పొరుగువాడు అప్పు ఎగవేసినాడు గనుక నా యప్పు చెల్లదని ఎవడైన వాదించునా? పైగా పండుగరాత్రి గాలిలో బేరియము, స్ట్రాన్షియముల పాళ్ళు ఒక్కసారిగా పెరుగుటను బట్టియే శాస్త్రజ్ఞులు బాణసంచా పొగను ఆనవాలు పట్టుచున్నారు. ఆ ఆనవాలు మనది.

రెండవది: ఇది మన పండుగపై దండెత్తుట. నేను పండుగను ప్రేమించువాడను. నూనెదీపముల వరుస ఈ పండుగకు పేరు పెట్టినది, బేరియము పెట్టలేదు. పచ్చని మంట లేని దీపావళులు మన పూర్వులు వందల యేండ్లు చేసికొనిరి. 2018 తీర్పు కూడ పండుగను తీసివేయలేదు. ఏ నిప్పు, ఏ వేళ, అను రెండింటిని మాత్రమే నియమించినది. 2025 అక్టోబరులో ఢిల్లీ ప్రాంతమున సయితము న్యాయస్థానము కొన్నిదినములు, కొన్ని గంటలు హరిత బాణసంచాకు అనుమతి నిచ్చినది. కావున బాణసంచా వద్దను వారికిని, ఏమైనను కాల్తుమను వారికిని నడుమ ఒక మార్గమున్నది. ఆ మార్గము పేరు మంచి రసాయనము.

దానికై మనము చేయవలసిన పనులు నాలుగు. మొదటిది: ప్రతి పెట్టెపై హరిత ముద్రయేగాక, లోపలి లవణముల పేర్లు స్థానిక భాషలో ముద్రింపవలెనని కోరవలెను. మందుసీసాపై నున్నంత సమాచారము మతాబుపై నుండుట గొంతెమ్మ కోరిక కాదు. రెండవది: బేరియము లేని యోగముల పరిశోధనకు ప్రభుత్వము ధనమిచ్చి, ఫలితములను చిన్న తయారీదారులకు ఉచితముగా అందజేయవలెను. ప్రజాధనముతో కనిపెట్టిన దానికి చిన్నవాడు మూల్యము చెల్లింపలేక పాత విషమునకే పోవుట కంటె విపరీతము లేదు. మూడవది: అంగట దొరకు సరకును ప్రతి జిల్లాలో నమూనాలు తీసి, దీపావళికి ముందే పరీక్షించి, ఫలితములను పత్రికలలో ప్రకటింపవలెను. పండుగ గడచిన తరువాత వచ్చు నివేదిక పాడె లేచిన తరువాత వచ్చిన వైద్యుని వంటిది.

నాలుగవది మన యింటిది. ప్రత్యామ్నాయము వచ్చువరకు ఆకుపచ్చ మంటను విడిచిపెట్టుదము. పాముబిళ్ళను పిల్లల కంటబడనీయకుందము. కాకరపువ్వొత్తిని కొనునప్పుడు బేరియము లేదని వ్రాసియున్నదేమో చూతము, అంగడివానిని అడుగుదము. అతనికి తెలియకపోవచ్చును. పదిమంది అడిగిన పిమ్మట అతడు టోకు వర్తకుని అడుగును. టోకు వర్తకుడు తయారీదారుని అడుగును. ఒక ప్రశ్న అంగడి మెట్లెక్కి కార్ఖానాకు చేరుటకు వేరొక దారి లేదు.

ఈ సభలో యువకులు పలువురున్నారు. రసాయనము చదువుచున్నవారు చేతులెత్తుడని అడుగగా, సభకు ముందు ఏడుగురు చేతులెత్తిరి. వారితో నొక మాట. మీ గురువులు మీకు మంట పరీక్ష చేయించునప్పుడు బేరియము పచ్చన, స్ట్రాన్షియము ఎరుపని వల్లె వేయింతురు. ఆ పాఠమును అంతటితో ముగింపవలదు. కొంచెము ధర తగ్గించి, కొంచెము వన్నె పెంచి, తేమకు ఓర్చుకొను ఒక బేరియము లేని పచ్చని వెలుగును సాధించువాడు తాను ఎన్నడు చూడని ఒక కూలి తల్లికిని, ఒక పసిబిడ్డకును ఒక్క పనితో ఉపకారము చేసినవాడగును. అట్టి వెలుగు శివకాశిలో పుట్టినను, కారైకుడిలో పుట్టినను, మన ఊరి కళాశాలలో పుట్టినను మనకు సమ్మతమే.

చట్టము 'వలదు' అని చెప్పగలదు. 'ఇదిగో, దీనిని తీసికొనుము' అని చెప్పవలసినది విద్య. ఆ రెండవ మాటను వినిపించువరకు మొదటిమాట కాగితము మీదనే యుండునని ఈ యేండ్ల యనుభవము చాటుచున్నది.